ఇంకా రాని పడవలు

మావా,

సాధించాను! మన రేవు పడవల రాకపోకలు రాసుకునే స్ప్రెడ్‌షీట్ మెనూలో మన మాటలతోనే కొత్త కమాండ్లు పెట్టేశాను. నువ్వు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరాని రోజు, ఆ ఇంగ్లీషు మెనూ తెలిసిన గుమాస్తా వచ్చేదాకా ఏ పడవ రాలేదో ఎవరికీ తెలియలేదు. మన ప్రాణాల జాబితా ఒక్కడి గుప్పిట్లో ఎందుకుండాలి? ఏడాదిగా నాకదే మంట.

ఈరోజు అత్త చేతికి మౌస్ ఇచ్చాను.

"ఏటి నొక్కాలిరా?"

"'ఇంకా రాని పడవలు' అని ఉన్నాది సూడత్తా, అదే."

నొక్కింది. క్షణంలో జాబితా వచ్చేసింది! మిగతా పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. నీ పడవ పేరొక్కటే తెర మీద మిగిలింది. ఇన్నాళ్లూ దాన్ని తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పుడు అత్త కంటపడిందని గబుక్కున చెరపబోయాను.

"ఉండనీరా," అంది అత్త. "రోజూ ఇందులో అదొక్కటే వస్తే, మిగతావోళ్లందరూ వచ్చేసినట్టే కదేటి!"