కొత్త కుర్చీలో కౌశిక్

మయూర్ విహార్,
గురువారం

పిన్నీ,

ఫోన్లో చెబుదామంటే కౌశిక్ మా ఇంట్లోనే ఉంటున్నాడు, వింటాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

"టీవీలో ఎప్పుడు చూసినా మావాడు ఆ మంచి కుర్చీలో కూర్చునే ఉంటాడు, ఆడించరేమే?" అని అడిగావు. ఈ ఏడాది మా ఫుట్‌బాల్ క్లబ్బుకి మొదటిసారి టీవీ వాళ్ల డబ్బు వచ్చింది. ముందు మైదానంలో గుంతలు పూడ్పించమని ఫిజియోగా నేనూ, కోచ్ గారూ అడిగాం. ప్రెసిడెంట్ గారు నవ్వి, "గుంతలు కెమెరాలో కనిపిస్తాయా మేడమ్?" అన్నారు. ఆటగాళ్లు కూర్చోవడానికి విమానంలో ఉండేలాంటి కుర్చీలు తెప్పించారు. రంగు నన్నే చెప్పమన్నారు. నీలం అన్నాను.

నువ్వు చూడని ఆ రెండో మ్యాచ్‌లో కౌశిక్ కాలు గుంతలో పడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని సాకేత్‌లో ఆసుపత్రి డాక్టర్ అన్నాడు. ప్రెసిడెంట్ గారేమో, "అగ్లే సీజన్ కా పైసా ఆనే దో, దేఖేంగే" అన్నారు, వచ్చే సీజన్ డబ్బు రానీ, అప్పుడు చూద్దామని. అంతవరకు కుర్చీలు ఖాళీగా కనిపించకూడదని వాడినీ కూర్చోబెడుతున్నారు.

వాడిని అక్కడ చేర్పించింది నేను. గట్టిగా అడుగుదామంటే నా ఉద్యోగమూ అక్కడే.

నీకు చెప్పొద్దని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆదివారం టీవీలో వాడి ఒళ్లో తువ్వాలు కనిపిస్తుంది చూడు. దాని కింద మోకాలికి పట్టీ ఉంది. కెమెరా అటు తిరిగేలోపు ఆ తువ్వాలు సర్దేది నేనే, పిన్నీ.

మీ అక్క కూతురు