బ్యాకప్‌లో లేనివి

ఆదివారం, నోయిడా

మొత్తానికి ఇవాళ టాబ్లెట్‌లోకి లైనక్స్ ఎక్కింది. మా అమ్మాయి ఆద్య ఈమధ్య ముట్టుకోవడం లేదు కదా అని తన దగ్గర్నుంచి తీసుకున్న ఆ చవక టాబ్లెట్ ఇక ఇంట్లో చిన్న సర్వర్‌గా పనికొస్తుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కనపడగానే ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రం ఆద్య వచ్చి, "పాపా, మేరీ డ్రాయింగ్స్?" అని ఎప్పట్లాగే హిందీలో తన బొమ్మలేవని అడిగింది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఏదైనా తేడా వస్తే తిరిగి ఎక్కించుకోవచ్చని, టాబ్లెట్‌తో వచ్చిన కంపెనీవాడి సాఫ్ట్‌వేర్ ఒక్క ఫైలు కూడా పోకుండా బ్యాకప్ తీశాను. రెండుసార్లు సరిచూశాను కూడా. పిల్ల బొమ్మలున్న భాగాన్ని మాత్రం, యూజర్ డేటాయే కదా అని, తెరిచి చూడకుండానే తుడిచేశాను.

పోయాయని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది.

"మిటానే సే పహలే దేఖా తో థా నా?" అంది. తుడిచే ముందు ఒకసారైనా చూశానా అని.

"అన్నీ చూశాను నాన్నా."

ఎందుకలా అన్నానో...

"సబ్‌సే అచ్ఛా కౌన్‌సా లగా?" అన్నిటికంటే ఏది నచ్చిందట.

ఏడేళ్ల పిల్లలు ఏం వేస్తారు? నాకు ఇల్లు బాగా నచ్చిందన్నాను.

"ఇల్లా? ఘర్ తో మైనే బనాయా హీ నహీ." తను అసలు ఇల్లే వేయలేదట.

కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత, నన్ను ఓదారుస్తున్నట్టు, "ఠీక్ హై పాపా" అని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

అది ఏం వేసిందో అడిగే మొహం కూడా నాకిప్పుడు లేదు.