హాజరు పదకొండు రోజులు, సెనేటు తొంభై ఆరుగురు

ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా,
5-3-1962.

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పి.యు.సి. విద్యార్థిని కుమారి మల్లేశ్వరికి హాజరు పదకొండు రోజులు తగ్గినందున నిలిపివేసిన హాల్ టిక్కెట్టును, పరీక్ష ఈ నెల 19న మొదలగులోపల ఇప్పించుట గురించి.

పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరును, పట్టభద్రుల ఓట్లతో తమ సెనేటుకు ఎన్నికైనవాడను అగు నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు మల్లేశ్వరి మా ఊరి అంకమ్మ కుమార్తె. తండ్రి లేడు. తల్లీకూతుళ్ళు మిరపకోత కూలికి పోయి బ్రతుకుచున్నారు. పుష్యమాసములో కాయ పండును. పండిన కాయ కాలేజీ టైంటేబులు చూచుకొని ఆగదు. కనుక పిల్ల పదకొండు రోజులు చేలో ఉన్నది. అయినను క్లాసులో మొదటి మార్కు ఆమెదే. ఈ సంగతి ప్రిన్సిపాలు గారే వ్రాసి ఇచ్చినారు. ఆ కాగితము తమ ఆఫీసులో పోయినది. రెండవ ప్రతి జతపరచడమైనది.

2. తగ్గిన హాజరును మన్నించు అధికారము ఎవరిదని విచారించగా, సిండికేటు వారు అకడమిక్ కౌన్సిలుదనిరి. కౌన్సిలు వారు సెనేటుదనిరి. "ఇది ఉమ్మడి నిర్ణయమండీ. అందరూ కలిసి చెయ్యాలి గానీ ఏ ఒక్కరూ చెయ్యకూడదు" అని తమ ఆఫీసు గుమాస్తా జోసఫ్ గారు సెలవిచ్చిరి. అధికారము అక్షింతలవలె తలా రెండు గింజలు పంచినారు గాని, అన్నము వండుటకు ఎవరి వద్దా చాలుట లేదు.

3. ఫిబ్రవరి 24వ తేదీ సెనేటు సమావేశములో ఇది 41వ అంశము. 3వ అంశమైన హాలు తెరల రంగుపై చర్చ మధ్యాహ్నము దాటువరకు జరిగినది. ఆకుపచ్చ పక్షము, నీలము పక్షము సరిసమానముగా నిలిచినందున ఉపసంఘము వేసినారు. అందులో నన్నును వేసినారు. నాకు ఏ రంగైనా ఒకటే అన్నందున వెంటనే తీసివేసినారు.

4. నా అంశము వచ్చుసరికి అయిదు నిమిషములు మిగిలినవి. "కోతలు వేసవి సెలవుల్లో పెట్టుకోరాదుటండీ?" అని ఒక సభ్యులు అడిగినారు. వారికి మిరపకాయతో పరిచయము పచ్చడి వరకే అని గ్రహించి, వేళకు కోసిన కాయ ఏదో, రంగు పోయిన తాలు కాయ ఏదో చూపుటకు వెంట తెచ్చిన సంచిని బల్లపై కుమ్మరించితిని. మా ప్రాంతమువారికి ఆ ఘాటు తెలియదు, పుట్టుకతోనే పీల్చితిమి. పైన ఫ్యాను తిరుగుచున్నదని చూచుకొనలేదు. తప్పు నాదే. వైస్ చాన్సలరు గారు మొదలు బంట్రోతు ఇమాం హుస్సేన్ వరకు దగ్గుచు, తుమ్ముచు, కళ్ళు తుడుచుకొనుచు బయటికి పరుగెత్తినారు. సభ ముగిసినది.

5. మినిట్సులో మాత్రము "కుమారి మల్లేశ్వరి విషయమున సభ్యులెల్లరు కంటతడి పెట్టి ఏకగ్రీవముగా సానుభూతి తెలిపిరి. అంశము వచ్చే సమావేశమునకు వాయిదా వేయడమైనది" అని ఉన్నది. వచ్చే సమావేశము ఆగస్టులో.

6. నిన్న అంకమ్మ మా అరుగు మీదికి వచ్చినది. "పంతులుగారూ, అంతమంది పెద్దోళ్ళు మా పిల్ల కోసం ఏడ్చారంటగా! మరి కాయితం ఎప్పుడొచ్చిద్దండీ?" అన్నది. నేను సిండికేటు, కౌన్సిలు, సెనేటు అని అరగంట చెప్పితిని. ఓపికగా విని, "అయితే కాదన్నోళ్ళు ఎవరూ లేరుగా?" అన్నది. లేరన్నాను. "మరి అవునన్నోళ్ళు?" అన్నది.

అయ్యా, ముప్పై ఆరేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగి బెంచీలెక్కించినవాణ్ణి. ఆ ప్రశ్నకు నేనే బెంచీ ఎక్కాల్సినవాణ్ణయ్యాను. సిగ్గేసింది.

కావున తమరు ఒక్క సంతకముతో హాల్ టిక్కెట్టు ఇప్పించి, తరువాత దానిని ఎవరైనా తప్పనినచో ఆ తప్పు నా పేర వ్రాసుకొనవలెనని వేడుకొనుచున్నాను. ఈ అర్జీని తమరు, తమరొక్కరే చదువుటకు అధికారము చాలనిచో సెనేటు సభ్యులు తొంభై ఆరుగురును కలిసియైనను, 19వ తేదీలోపల చిత్తగించవలెను.

సవరణలకు లోబడి,
తమ విధేయుడు,
చేబ్రోలు లక్ష్మీనరసింహం, బి.ఏ., ఎల్.టి.,
సెనేటు సభ్యుడు.

తా.క.: హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరాదన్న ఈ నిబంధన తెచ్చిన మహానుభావులు ఎవరా అని, అంకమ్మ వెళ్ళాక పాత మినిట్సు తిరగేశాను. రెండేళ్ళ క్రితం, భోజనాలకు లేచే ముందు, ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆమోదించినవారిలో నా పేరుంది. ఆ రోజు పెట్టిన గుత్తి వంకాయ కూర జ్ఞాపకముంది గాని, ఆ నిబంధన చదివిన జ్ఞాపకం లేదు. అంకమ్మకు ఈ మాట ఇంకా చెప్పలేదు. హాల్ టిక్కెట్టు వస్తే, ఆమె చేతికిచ్చి చెబుతాను. రాకపోతే ఏ ముఖం పెట్టుకొని చెప్పమంటారు, రిజిస్ట్రారు గారూ?