మంచమెక్కిన మా ఆయన

శుక్రవారం, పుంగనూరు

ఆసుపత్రిలో ఐవీఎఫ్ పిండాన్ని ప్రవేశపెట్టింది నా కడుపులో. ఇంటికొచ్చి మంచమెక్కింది మా ఆయన! లోపం ఆయన వీర్యంలో ఉందని మదనపల్లె డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి మా అత్తకు కొడుకే రోగి. సూదులు పొడిపించుకున్న నేను వంట చేస్తుంటే, రాగిజావ, నాటుకోడి గుడ్లు ఆయన మంచం దగ్గరికే వెళ్లేవి.

ఈరోజు రక్తపరీక్షలో గర్భం నిలిచిందని ఫోన్ వచ్చింది. అత్త పరుగున పోయి కొడుకు తల నిమిరింది.

"సాధించినావప్పా! ఇంగ కొన్నాళ్లు లేయొద్దు."

"అత్తా, బిడ్డ ఈడ ఉండాది," అని నా కడుపు చూపించాను.

ఆమె నన్నూ మంచాన్నీ మార్చిమార్చి చూసింది. "లేయ్‌రా!" అంది.

దుప్పటి దులిపి నాకు పరుస్తూ, "బిడ్డ నిలుస్తాది గదా?" అని ఆయన అడిగారు. స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూసేదాకా నాకూ భయమే. అయినా మంచం మాత్రం దిగను.