చర్చి టోపీ ఎక్కిన మూడు నత్తల విషయమై

పాపెయెతెలోని వన్యప్రాణి అధికారి గారి సముఖమునకు,
రాయాతేయా దీవి నుండి తిహోతి ఫాఆతౌ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా పెరటి చెట్టు మీద తమరు వదిలిన పద్నాలుగు నత్తలను గురువారం పడవలో వెనక్కి తీసుకుపోవద్దని వేడుకోలు.

అయ్యా,

1. మా దీవిలో అంతరించిన ఈ నత్తలు పరదేశపు గాజుపెట్టెల్లో పెరిగి, తమ చేతుల మీదుగా మా పురావు చెట్టుకు చేరిన సంగతి తమకు విదితమే. "ఆకు కోయరాదు" అని తమరు బోర్డు పెట్టిన మాట వాస్తవము. మా అమ్మ వహినెరీకి చదువు రాదన్న మాట అవాస్తవము. చదివింది, లెక్కచేయలేదు.

2. ఆదివారం గుంటపొయ్యిలో పంది, సీమపనస పెట్టి, పైన పురావు ఆకులు కప్పనిదే మా ఇంట భోజనం లేదు. గత ఆదివారం అమ్మ ఆకులు కోయగా అడుగున మూడు నత్తలు నిద్రలో కనబడినవి. పొయ్యిపాలు కాకూడదని వాటిని తన చర్చి టోపీ పూలలో దాచినది. ఆ హడావిడిలో మరచిపోయి, అదే టోపీతో ప్రార్థనకు పోయినది.

3. పాట మధ్యలో, వెనక బల్ల నుండి డీకన్ గారి భార్య తెపుయా, "ఒసే వహినెరీ, నీ టోపీలో పువ్వు నడుస్తోందే!" అన్నది. అమ్మ, "నడవనీవే, నువ్వు శ్రుతి తప్పకు" అన్నది. తమకు కబురు పెట్టినది తెపుయాయే అని నా అనుమానం. మూడూ క్షేమంగా తిరిగి చెట్టెక్కినవి.

4. అయినను "అసురక్షిత స్థలం" అని తమ నోటీసు వచ్చినది. అప్పటి నుండి అమ్మ తిండి ముట్టుట లేదు. చిన్నప్పుడు ఆమె, దీవి విడిచి వెళ్ళేవారి మెడలో వేసేందుకు ఈ నత్తల గుల్లలనే దండలుగా గుచ్చేదట. తర్వాత యాభై ఏళ్ళు ఒక్కటీ కనబడలేదు. "అందరినీ సాగనంపుతూ వీటినీ సాగనంపేశాంరా" అని ఏడ్చేది. తమరు వీటిని వదిలిన నాటి నుండి నోటీసు వచ్చేదాకా రోజూ చెట్టు కింద కూర్చుని వాటికి తెపుయా మీద చాడీలు చెప్పేది. ఆమెను అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదయ్యా. ఇది తమ ఫారంలో ఏ గడిలో రాయాలో తెలియలేదు.

5. ఇకపై పొయ్యికి అరటాకులే కప్పుటకు అమ్మ ఒప్పుకున్నది. నన్ను తిడుతూనే.

కావున నోటీసు రద్దు చేసి, ఒక ముసలిదాని ముచ్చట తీర్చ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తిహోతి

తా.క.: ఈ పొద్దున లెక్కపెడితే నత్తలు పదిహేను. గుడ్లు పెట్టే జాతి కాదు, పిల్లల్నే కంటాయి. కొత్తది మెతుకంత ఉంది. తమ నత్తల గుల్లలకు తమరు గుర్తుగా పెట్టిన ఎర్ర చుక్క ఉంది, దీనికి లేదు. ఇక్కడ పుట్టినది కనుక తమ జాబితాలోనిది కాదు. తల్లి ఏదో మాకు తెలియదు. అమ్మ కర్ర పుచ్చుకుని చెట్టు కింద కూర్చుంది. "రమ్మనరా ఆయన్ని. ఈ పసిదాని తల్లెవరో తేల్చాకే మిగతావాటి మీద చెయ్యి వెయ్యమను" అంటోంది.