ఒక్క ప్రకటనా లేని గంట

ప్రియమైన తమ్ముడికి,

మీ చానల్ సీరియల్ చూడడానికి మేడమీద కుట్టుపని చేసే ఆవిడ రోజూ సాయంత్రం ఏడింటికి మా ముందుగదిలోకి వచ్చేస్తుంది. నిన్న సీరియల్లో కోడలు ఉత్తరం విప్పిందో లేదో, సబ్బు ప్రకటన. "ఈ బ్రేకులు పెట్టేవాడి చేతులు పడిపోను" అంది. ఆ చేతులు మా తమ్ముడివేనని చెప్పలేక నవ్వేసి ఊరుకున్నాను.

మరీ ఎక్కువయ్యాయి రా. తిరిగి మొదలయ్యేసరికి కథ ఎక్కడ ఆగిందో మరిచిపోతున్నాం.

మీ బావ అలాగే ఉన్నారు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ గొంతులో పెట్టిన గొట్టంతోనే ఊపిరి. బస్సు నడిపిన రోజుల్లో వీధి చివరి దాకా వినబడిన గొంతు, ఇప్పుడు మాట లేదు. గొట్టంలో కఫం పేరుకోకుండా మిషన్‌తో లాగుతూ ఉండాలి. అలవాటైపోయింది. రోజు మొత్తంలో ఆ సీరియల్ గంటే నాది.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

ఆవిడ తిట్లలో తప్పులేదు. కథ మంచి పట్టులో ఉండగా కోయడమే నా ఉద్యోగం. జనం లేచినా మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఈమధ్య రావడం లేదు, వేరే చానల్‌కి పోతున్నారు. అందుకే మొన్న మీటింగులో లేచి ఒక మాట చెప్పాను. మా మేనేజర్ ముందు నవ్వాడు, తర్వాత సరేనన్నాడు.

అదేమిటో ఇప్పుడు చెప్పను. వచ్చే శుక్రవారం చివరి ఎపిసోడ్. టీవీ ముందు నుంచి కదలకు. నువ్వు కుదురుగా గంటసేపు కూర్చోగా చూసి ఎన్నేళ్లయిందో. ఇది నీకు నా కానుక అనుకో.

నీ తమ్ముడు

ప్రియమైన అక్కకు,

శుక్రవారం దాటి నాలుగు రోజులైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. గంటసేపు ఒక్క ప్రకటన లేకుండా నడిపించాం. చూసేవాళ్లెవరూ కదల్లేదని ఆఫీసంతా ఒకటే సంబరం.

మీ ఇంటికి ఫోన్ చేస్తే మేడమీద ఆవిడ ఎత్తింది. "మీ అక్కే రాస్తుంది బాబూ" అని పెట్టేసింది. మీ ఫోన్ ఆవిడ ఎందుకు ఎత్తింది? బావ ఎలా ఉన్నారు?

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీతో ఏమీ చెప్పవద్దని ఆవిడకు నేనే చెప్పాను. ఇది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

మేము తిట్టుకునే ఆ బ్రేకులే నాకు గడియారం. ప్రకటన రాగానే వెనకగదిలోకి వెళ్లి, గొట్టం శుభ్రం చేసి, దిండు సర్ది వచ్చేదాన్ని. ఏడాదిగా ఒక్కరోజూ తప్పలేదు. అదొక చెప్పుకోవాల్సిన సంగతి అనుకోలేదు.

శుక్రవారం ప్రకటన రాలేదు. కథ అలా సాగుతూనే ఉంది. అయిపోయాక లోపలికి వెళ్తే ఆయన పెదవులు నల్లబడి ఉన్నాయి. మేడమీద ఆవిడే అంబులెన్స్ పిలిచింది.

తప్పంతా నీదేనని కుమిలిపోతావని తెలుసు. అందుకే ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. కథ సగంలో ఉండగా ఆయన మంచం కడ్డీ మీద ఉంగరంతో కొట్టారు. ఆయన నన్ను పిలిచే పద్ధతి అదొక్కటే. మూడుసార్లు కొట్టారు.

"లోపలేదో చప్పుడవుతోంది" అంది ఆవిడ.

"ఇప్పుడు బ్రేక్ వస్తుందిలే, వెళ్తాను" అన్నాను.

కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. నిద్రపట్టిందేమో అని సర్దిచెప్పుకున్నాను.

నిన్న కళ్లు తెరిచారు. ప్రమాదం తప్పిందన్నారు డాక్టరు. చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుని గోడవైపు తిరిగారు. నేను విన్నానని ఆయనకు తెలుసు.

సోమవారం ఇంటికి పంపిస్తారట. నువ్వు సెలవు పెట్టి రా. గొట్టం శుభ్రం చేయడం నర్సు నీకు నేర్పుతుంది. మీ బావ నన్ను దగ్గరికి రానివ్వడం లేదు.

అక్క