బావ పాటల ప్లేయర్

లింగస్వామి బావకు,

ఎల్బీ నగర్ల బస్సెక్కితే గంటల మీ ఇంట్ల ఉంటా. కానీ నీ మొఖం చూసి చెప్పలేక ఉత్తరం రాస్తున్న.

గొంతు ఆపరేషన్‌ల మాట పోకముందు నువ్వు పాడిన భజనలన్నీ ఆ చిన్న ప్లేయర్లనే ఉండె. అది దానంతటదే ఖరాబైందని నేను చెప్పింది అబద్ధం. డ్యూటీకి పోయేటప్పుడు ఇందామని నీ దగ్గర అడిగి తీస్కపోయి, దాంట్ల సినిమా పాటలు ఎక్కించుకున్న. జాగ సాలక నీయన్నీ నేనే చెరిపేసిన. ఇంకెక్కడన్న ఉంటయిలే అనుకున్న.

నువ్వేమో "మిషన్ గదా, నువ్వేం చేస్తవ్" అని పలక మీద రాసి, నాకు చాయ్ ఇప్పించినవ్. నేను తాగిన. దానికే ఎక్కువ సిగ్గైతుంది.

దిల్‌సుఖ్‌నగర్ల ఒక షాపాయన మూడు రోజులు కష్టపడి, చెరిపేసినయాట్ల నాలుగు మళ్ల తీసిండు. మూడు భజనలు. నాలుగోది పాట కాదు. రికార్డు ఆపుడు మర్చిపోయినట్టున్నవ్, "యాదలక్ష్మీ, జర ఇటు రా, ఎట్లుందో ఇను" అని అక్కను పిలుస్తున్నవ్.

ఆదివారం తెస్తా. నేను చేసిన తప్పు అక్కకు నేనే చెప్తా. ఆ నాలుగోది మాత్రం నువ్వే ఇనిపియ్యి. అది ఇనేటప్పుడు అక్క ముంగట నేను ఉండలేను. బయట నిలబడ్త.

నీ బామ్మర్ది